ప్రభుత్వ ఉద్యోగికి సైడ్ బిజినెస్: అనుమతి దరఖాస్తు నుంచి ఏటా చూపాల్సిన లెక్కల దాకా

"ఉద్యోగం చేస్తూ సైడ్ బిజినెస్ పెట్టుకోవచ్చా?" అని అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే సగం పని మొదలుపెట్టి ఉంటారు. షాపుకి అడ్వాన్సు ఇచ్చేసి, భార్య పేరు మీద లైసెన్సు రాయించేసి, ఆ తర్వాత రూలేమిటని వెతుకుతారు. ఈ వరుస మారాలి. ముందు రూలు చూసుకోవాలి, తర్వాత దరఖాస్తు పెట్టాలి, అనుమతి కాగితం చేతికొచ్చాకే డబ్బు పెట్టాలి.

కేంద్ర ఉద్యోగులకూ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యోగులకూ పనికొచ్చేలా ఈ దశలు రాస్తున్నాను. మీ శాఖకు ప్రత్యేక ఉత్తర్వులు ఉంటే వాటిదే పైచేయి.

## 1. మీకు వర్తించే నియమాలేవో ముందు తేల్చుకోండి

పక్క డిపార్ట్‌మెంట్ స్నేహితుడికి అనుమతి వచ్చిందంటే మీకూ వస్తుందని అర్థం కాదు. ఆయన నియమాలు వేరు కావచ్చు.

- కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు: కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు, 1964. వ్యాపారం, ప్రైవేటు ఉద్యోగం గురించి 15వ నియమం, పెట్టుబడులు, అప్పుల గురించి 16, ఆస్తుల గురించి 18 చదవాలి.
- రైల్వే ఉద్యోగులు: రైల్వే సర్వీసుల ప్రవర్తనా నియమాలు, 1966.
- ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు: రాష్ట్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు, 1964. ఆస్తులకు 9వ నియమం, వ్యాపారానికి 10, కంపెనీల నిర్వహణకు 11, ప్రైవేటు ఉద్యోగానికి 12.
- తెలంగాణ ఉద్యోగులు: రాష్ట్రం ఏర్పడ్డాక ఇవే నియమాలను అన్వయించుకున్నారు. తర్వాత వచ్చిన సవరణలు చూసుకోండి.
- ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకులు, యూనివర్సిటీలు: ఎవరి ప్రవర్తనా నియమాలు వారికి ఉంటాయి.
- కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది: మీరు సంతకం పెట్టిన ఒప్పందంలోని షరతులే ముఖ్యం.

ఉపాధ్యాయులకు ఇంకో చట్టం కూడా ఉంది. విద్యాహక్కు చట్టం, 2009లోని 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. ఇంట్లో నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఫీజు తీసుకున్నా అది ట్యూషనే. అనుమతి అడిగే ఆలోచన కూడా ఇక్కడ పెట్టుకోవద్దు.

## 2. మీ పని ఏ కోవలోకి వస్తుందో చూడండి

కేంద్ర నియమాల్లో "ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ" అనే మాట ఉంది. మిగతా రూలంతా ఈ మాటను బట్టే నడుస్తుంది. మీ పేరు కాగితం మీద లేకపోవచ్చు. అయినా సరుకు కొనేది మీరు, బేరాలాడేది మీరు, డబ్బు లెక్క చూసేది మీరు అయితే ఆ వ్యాపారం మీదే.

ముందస్తు అనుమతి అక్కర్లేనివి (కేంద్ర నియమాల ప్రకారం)

- ఉచితంగా చేసే సామాజిక, ధార్మిక సేవ
- అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పని
- అమెచ్యూర్‌గా ఆటల్లో పాల్గొనడం
- సాహిత్య, శాస్త్ర, ధార్మిక సంఘాల నిర్వహణలో పాలుపంచుకోవడం. ఎన్నికయ్యే పదవి మాత్రం కాకూడదు. చేరిన నెలలోపు ఆఫీసుకు తెలపాలి.

ఇక్కడ చాలామంది ఒక మెలిక గమనించరు. పని చేయడానికి అనుమతి అక్కర్లేకపోయినా, బయటి సంస్థ నుంచో వ్యక్తి నుంచో ఆ పనికి ఫీజు తీసుకోవాలంటే అనుమతి కావాలి. కవి సమ్మేళనంలో చదవడం వేరు, నెలనెలా డబ్బు తీసుకుని కాలమ్ రాయడం వేరు. కేంద్ర ఉద్యోగులకైతే ఫీజు నిర్ణీత పరిమితి దాటినప్పుడు అందులో మూడో వంతు ప్రభుత్వానికి జమ చేయాలనే నిబంధన కూడా ఉంది. అనుమతి ఉత్తర్వులో ఆ సంగతి రాశారేమో చూసుకోండి.

ముందస్తు అనుమతి తప్పనిసరి అయినవి

- షాపు, హోటల్, ట్రావెల్స్, ఆన్‌లైన్ అమ్మకాలు
- పార్ట్‌టైమ్ ఉద్యోగం, ఫ్రీలాన్స్ పని, కన్సల్టెన్సీ. ఆఫీసు వేళల తర్వాత చేసినా, ఆదివారం చేసినా ఇంతే.
- కంపెనీ డైరెక్టర్‌గా ఉండటం, వ్యాపార సంస్థల రిజిస్ట్రేషన్‌లోగానీ నిర్వహణలోగానీ పాల్గొనడం
- ఆదాయం వచ్చే యూట్యూబ్ ఛానెల్, డబ్బు తీసుకుని చేసే ప్రచారం

యూట్యూబ్ గురించే ఎక్కువ ప్రశ్నలు వస్తున్నాయి. సరదాగా పొలం పనుల వీడియోలు పెట్టుకోవడంతో పెద్ద చిక్కు లేదు. మానిటైజేషన్ (వీడియోల మీద ప్రకటనల ద్వారా డబ్బు వచ్చే ఏర్పాటు) ఆన్ చేశాక అది క్రమం తప్పని ఆదాయమవుతుంది. కాబట్టి ఆ బటన్ నొక్కకముందే దరఖాస్తు పెట్టండి. యూనిఫామ్‌తో, ఆఫీసు గదిలో, ఆఫీసు ఫైళ్ల గురించి వీడియోలు చేస్తే అది వేరే నియమాల ఉల్లంఘన కూడా అవుతుంది.

దగ్గరికే పోకూడనివి

వడ్డీకి తిప్పడం మొదటిది. వడ్డీ తీసుకుని ఎవరికైనా అప్పు ఇవ్వడం కేంద్ర నియమాల ప్రకారం నిషిద్ధం. బంధువుకో స్నేహితుడికో వడ్డీ లేకుండా చిన్న మొత్తం చేబదులు ఇవ్వడం వరకే మినహాయింపు. ఆఫీసులో జీతాల రోజున వడ్డీ వసూలు చేసుకునే అలవాటు కొన్నిచోట్ల మామూలైపోయింది. ఎవరూ పట్టించుకోనంత కాలం బాగానే ఉంటుంది, బాకీ పడ్డవాడు ఒక ఫిర్యాదు రాసేదాకా.

రిజిస్ట్రేషన్ లేని చిట్టీలు నడపడం రెండోది. చిట్ ఫండ్స్ చట్టం, 1982 కింద అది ఎవరు చేసినా నేరమే.

మూడోది నెట్‌వర్క్ మార్కెటింగ్. కింద పనిచేసే సిబ్బందికీ, ఆఫీసుకు పని మీద వచ్చేవాళ్లకూ సరుకు అంటగట్టడం దాకా అది పోతుంది. అలా అమ్మితే వ్యాపారం చేసినట్టే కాదు, హోదాను వాడుకున్నట్టు కూడా అవుతుంది.

ఇల్లు అద్దెకివ్వడం, తాతల నాటి పొలం కౌలుకివ్వడం వ్యాపారం కిందకి రావు. ఆస్తి వివరాల్లో, ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కల్లో చూపితే చాలు. స్థలాలు కొని ప్లాట్లు వేసి అమ్మడం మాత్రం వ్యాపారమే. ప్రభుత్వ క్వార్టర్‌ను వేరేవాళ్లకు అద్దెకివ్వడం కేంద్ర నియమాల్లో విడిగా నిషేధించిన పని.

## 3. "మా ఆవిడ పేరు మీద పెడతాను" అనుకుంటున్నారా?

జీవిత భాగస్వామి వ్యాపారం చేసుకోవడం తప్పు కాదు. ఆమెకు, లేదా ఆయనకు, ఆ హక్కు పూర్తిగా ఉంది. అయితే మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది, తెలపడం. కుటుంబ సభ్యులెవరైనా వ్యాపారం చేస్తున్నా, ఇన్సూరెన్స్ ఏజెన్సీ గానీ కమీషన్ ఏజెన్సీ గానీ నడుపుతున్నా కేంద్ర ఉద్యోగి ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలి. ఇది అనుమతి అడగడం కాదు, సమాచారం ఇవ్వడం. రాష్ట్ర ఉద్యోగులు కూడా లిఖితపూర్వకంగా తెలిపి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

రెండోది, దూరంగా ఉండటం. భార్య ఎల్‌ఐసీ ఏజెంట్ అయితే ఆఫీసులో పాలసీలు కట్టించే పని మీరు చేయకూడదు. కుటుంబ సభ్యుల ఏజెన్సీ తరఫున క్యాన్వాసింగ్ చేయకూడదని నియమంలోనే ఉంది.

మూడోది, డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్నది. మీ జీతం డబ్బుతో భార్య పేరున ఆస్తి కొనడాన్ని బినామీ చట్టం మినహాయిస్తుంది, ఆ డబ్బు మీకు తెలిసిన ఆదాయ మార్గాల నుంచే వచ్చి ఉంటే. బావమరిది పేరునో, స్నేహితుడి పేరునో పెడితే ఆ మినహాయింపు దొరకదు. 2016 సవరణ తర్వాత బినామీ లావాదేవీకి 1 నుంచి 7 ఏళ్ల కఠిన జైలుశిక్ష, ఆస్తి మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా పడవచ్చు.

నా అభిప్రాయంలో, భార్యకు నిజంగా ఆసక్తీ నైపుణ్యమూ ఉన్న వ్యాపారమైతేనే ఆమె పేరున పెట్టాలి. సంతకాలకు మాత్రమే ఆమె, పనంతా మీరు అయితే, విచారణలో మొదటి గంటలోనే బయటపడుతుంది.

ఈ ఏర్పాటుకు చెక్‌లిస్టు

- వ్యాపారానికి విడిగా బ్యాంకు ఖాతా, అందులో మీ సంతకం చెల్లకుండా
- బోర్డు మీద, బిల్లు మీద మీ ఫోన్ నంబర్ లేకుండా
- మీరు ఇచ్చిన పెట్టుబడి బ్యాంకు ద్వారానే వెళ్లినట్టు ఆధారం
- మీ ఆఫీసు అధికార పరిధిలో ఆ వ్యాపారానికి లైసెన్సులు, టెండర్లు, తనిఖీలు లేకుండా

చివరి అంశం అన్నిటికన్నా ముఖ్యం. మున్సిపాలిటీలో పనిచేస్తూ అదే మున్సిపాలిటీలో కుటుంబం చేత కాంట్రాక్టులు చేయిస్తే, ఎన్ని కాగితాలు ఉన్నా సమర్థించుకోలేరు.

## 4. దరఖాస్తుకు ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

అనుమతి ఇచ్చే అధికారి ముఖ్యంగా చూసేవి రెండే: ఆఫీసు పనికి ఆటంకమా? మీ హోదాకూ ఈ పనికీ ఏదైనా లింకు ఉందా? వీటికి జవాబు మీ కాగితాల్లోనే కనిపించాలి. లేకపోతే ఫైలు ప్రశ్నలతో వెనక్కి వస్తుంది, నెలలు గడుస్తాయి.

- పని ఏమిటి, ఎక్కడ, వారానికి ఎన్ని గంటలు, ఏ వేళల్లో
- అందులో మీ పాత్ర: యజమానా, భాగస్వామా, అప్పుడప్పుడు పనిచేసే వ్యక్తా
- పెట్టుబడి ఎంత, ఎక్కడినుంచి (పొదుపు, బ్యాంకు రుణం, పీఎఫ్ అడ్వాన్సు)
- అంచనా ఆదాయం, ఏ రూపంలో వస్తుంది
- మిగతా భాగస్వాముల పేర్లు, వాళ్లకు మీ ఆఫీసులో ఏవైనా పనులు పెండింగ్ ఉన్నాయా
- మీపై విచారణలు, చార్జ్ మెమోలు (ఆరోపణలు రాసి ఇచ్చే నోటీసులు) లేవన్న సమాచారం
- గత సంవత్సరాల ఆస్తి వివరాల కాపీలు

పీఎఫ్ అడ్వాన్సు విషయంలో జాగ్రత్త. ఇల్లు కడతానని తీసుకున్న డబ్బు షాపులో పెడితే అది వేరే తప్పు.

## 5. దరఖాస్తు రాసే తీరు

ఒక పేజీ చాలు. పొగడ్తలు, కష్టాల కథలు అక్కర్లేదు. ఈ నమూనాను మీకు తగ్గట్టు మార్చుకోండి.

*విషయం: ప్రవర్తనా నియమాలు, 1964లోని … నియమం కింద … పని చేపట్టడానికి ముందస్తు అనుమతి కోరుతూ.*

*నేను … కార్యాలయంలో … హోదాలో … తేదీ నుంచి పనిచేస్తున్నాను. నా విధులు: … .*

*సెలవు రోజుల్లో, కార్యాలయ వేళలు కాని సమయంలో, వారానికి … గంటలకు మించకుండా … పని చేయాలనుకుంటున్నాను. ఇందులో నా పాత్ర … . పెట్టుబడి రూ. …, దాని మూలం … . ఏడాదికి అంచనా ఆదాయం రూ. … .*

*ఈ పనికీ నా అధికారిక విధులకూ సంబంధం లేదు. ప్రభుత్వ సమయం, స్థలం, పరికరాలు, సిబ్బంది, సమాచారం దీనికి వాడను. ఈ ఆదాయాన్ని ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో చూపుతాను. ప్రభుత్వం ఎప్పుడు ఆదేశించినా ఈ పని మానుకుంటాను.*

*అనుమతి వచ్చే వరకు పని ప్రారంభించను.*

చివరి వాక్యం తీసేయకండి. మీరు రూలు తెలిసి నడుచుకున్నారని తర్వాత చూపించేది ఆ వాక్యమే.

"కొన్ని ఇతర వ్యాపారాలు" లాంటి గాలి మాటలు రాయొద్దు. అనుమతి మీరు రాసిన పనికే వస్తుంది. బేకరీకి తీసుకున్న అనుమతితో క్యాటరింగ్ మొదలుపెడితే అది అనుమతి లేని వ్యాపారమే.

## 6. ఫైలు నడిపించుకోవడం

1. దరఖాస్తు ప్రాపర్ ఛానెల్‌లోనే ఇవ్వండి. పై అధికారిని దాటేసి నేరుగా హెచ్‌ఓడీకి (శాఖాధిపతికి) పంపితే తిరిగి కిందికే వస్తుంది.
2. ఇన్‌వర్డ్ నంబర్, తేదీ, ముద్ర ఉన్న కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఈ-ఆఫీస్ ఉన్నచోట ఫైలు నంబర్ రాసుకోండి.
3. అనుమతి ఇచ్చే అధికారం ఎవరిదో మీ ఆఫీసు సెక్షన్‌లో కనుక్కోండి. మీ ఆఫీసర్ నోటితో "కానివ్వండి" అంటే అది అనుమతి కాదు. ఆయన బదిలీ అయిన రోజున ఆ మాటా పోతుంది.
4. నెల దాటినా కదలిక లేకపోతే పాత నంబర్ ప్రస్తావిస్తూ రిమైండర్ ఇవ్వండి.
5. వివరణ అడిగితే అడిగినదానికే, రాతపూర్వకంగా జవాబివ్వండి.

జవాబు రాకపోవడాన్ని ఒప్పుకోలుగా తీసుకోవద్దు. తిరస్కరిస్తే కారణం చదవండి. సమయం ఎక్కువన్నారా, హోదాతో సంబంధం ఉందన్నారా? మొదటిదైతే గంటలు తగ్గించి మళ్లీ దరఖాస్తు చేయవచ్చు. రెండోదైతే ఆ ఆలోచన వదులుకోవడమే మేలు.

## 7. అనుమతి వచ్చాక

ప్రొసీడింగ్స్‌లోని (అనుమతి ఉత్తర్వులోని) షరతులు ఒక్కొక్కటీ చదవండి. కాలపరిమితి ఉంటే గడువుకు ముందే పొడిగింపు అడగండి. సర్వీస్ రిజిస్టర్‌లో నమోదు చేయించి, ఒక కాపీ ఇంట్లో పెట్టుకోండి.

ఇన్‌కమ్ ట్యాక్స్: వ్యాపార ఆదాయం ఉంటే ఐటీఆర్-1 రిటర్ను ఫారం కుదరదు. మామూలుగా ఐటీఆర్-3, అంచనా పద్ధతిలో (టర్నోవర్‌లో నిర్ణీత శాతాన్ని లాభంగా చూపి) లెక్కిస్తే ఐటీఆర్-4 వేయాలి. జీతంతో పాటు ఈ ఆదాయం ఉన్నట్టు ఆడిటర్‌కు ముందే చెప్పండి. ఏటా ఆఫీసులో ఇచ్చే ట్యాక్స్ స్టేట్‌మెంట్‌కూ రిటర్నుకూ పొంతన కుదరాలి.

జీఎస్టీ: సేవల టర్నోవర్ ఏడాదికి రూ. 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. సరుకుల అమ్మకానికి ఈ పరిమితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. జీఎస్టీ అయినా, కంపెనీ డైరెక్టర్ హోదా అయినా పాన్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి, దాచిపెడితే దాగుతుందనుకోవడం పొరపాటు.

బదిలీ అయితే: కొత్త చోట మీ విధులు మారతాయి. నిన్నటి దాకా సంబంధం లేని వ్యాపారం రేపు మీ పరిధిలోకి రావచ్చు. పాత అనుమతి జతచేసి కొత్త ఆఫీసుకు తెలపండి.

## 8. షేర్లు, ఆస్తులు: ఏటా చూపాల్సిన లెక్క

పొదుపు కోసం అప్పుడప్పుడు షేర్లు, మ్యూచువల్ ఫండ్లు కొనడం తప్పు కాదు. తరచూ కొనడం, అమ్మడం స్పెక్యులేషన్ (ధరల హెచ్చుతగ్గుల మీద లాభం కోసం ఆడే ఆట) అవుతుందని కేంద్ర నియమాల్లోని 16వ నియమం చెబుతోంది. ఇంట్రాడే ట్రేడింగ్ (కొన్న రోజే అమ్మేయడం) సరిగ్గా ఇదే. ఆఫీసు వేళల్లో ఫోన్‌లో చేసేది కాబట్టి రెండు రకాలుగా తప్పు. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు కూడా ఇంట్రాడే లాభాన్ని స్పెక్యులేటివ్ వ్యాపార ఆదాయంగానే చూస్తారు. అంటే మీ రిటర్నే మీకు వ్యతిరేక సాక్ష్యం.

- కేంద్ర ఉద్యోగి షేర్లు, సెక్యూరిటీల లావాదేవీలు ఒక క్యాలెండర్ సంవత్సరంలో 6 నెలల బేసిక్ పే దాటితే ఆఫీసుకు తెలపాలి. బేసిక్ రూ. 50,000 అయితే పరిమితి రూ. 3 లక్షలు.
- 2 నెలల బేసిక్ పే దాటిన చరాస్తి కొన్నా అమ్మినా నెలలోపు తెలపాలి. వ్యాపారానికి కొన్న వ్యాన్, మెషీన్ కూడా ఇందులోకే వస్తాయి.
- స్థిరాస్తి విషయంలో కొనకముందే, అమ్మకముందే తెలపాలి. ఎదుటివారికి మీతో అధికారిక వ్యవహారాలుంటే ముందస్తు అనుమతే కావాలి.
- రాష్ట్ర ఉద్యోగులు 9వ నియమం కింద ఆస్తుల వివరాలు ఏటా ఇవ్వాలి. పోయినేడాది కాపీని దగ్గర పెట్టుకుని నింపండి.

ఈ కాగితాల విలువ ఏసీబీ తలుపు తట్టినప్పుడు తెలుస్తుంది. ఆదాయానికి మించిన ఆస్తుల కేసు రుజువైతే అవినీతి నిరోధక చట్టం, 1988 కింద 4 నుంచి 10 ఏళ్ల జైలుశిక్ష ఉంది. అనుమతి తీసుకుని, పన్ను కట్టి, ఆస్తి వివరాల్లో చూపిన ఆదాయాన్ని మీ వైపు లెక్కలో వేసుకోవడం తేలిక. చీకట్లో సంపాదించినది నిజాయితీగా సంపాదించినదే అయినా నిరూపించడానికి ఏళ్లు పడుతుంది. ఆ టెన్షన్ ఇంటిల్లిపాదికీ.

## 9. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దుకునే దారి

సెలవు పెట్టి వ్యాపారం చూసుకోవడం. సెలవులో ఉన్నా మీరు ఉద్యోగే. జీతం లేని సెలవైనా అనుమతి లేకుండా వేరే పని చేయకూడదు.

సస్పెన్షన్‌లో షాపులో కూర్చోవడం. జీవన భృతి తీసుకోవాలంటే వేరే ఉద్యోగం, వ్యాపారం చేయడం లేదని సర్టిఫికెట్ ఇవ్వాలి. అబద్ధం రాస్తే పాత కేసుకు కొత్తది తోడవుతుంది.

స్లీపింగ్ పార్ట్‌నర్‌ని (డబ్బు పెట్టి పనిలో కలగజేసుకోని భాగస్వామిని) కదా అనుకోవడం. భాగస్వామ్య పత్రంలో పేరుంటే వ్యాపారంలో ఉన్నట్టే. లిస్టెడ్ కంపెనీలో వాటాదారుగా ఉండటంతో దీన్ని పోల్చకండి.

అనుమతి ఉందని ఆఫీసు కంప్యూటర్‌లో బిల్లులు కొట్టడం. చిన్నదిగా కనిపిస్తుంది, కానీ ఫిర్యాదులు పుట్టేది ఇలాంటి చోటే. వ్యాపారానికి వేరే ఫోన్, వేరే మెయిల్ పెట్టుకోండి.

## 10. అనుమతి లేకుండా ఇప్పటికే నడుస్తుంటే

ముందు ఆపండి. మీ పాత్రను నిజంగా ఆపాలి, పేరు మార్చి కొనసాగించడం కాదు. భాగస్వామ్యం నుంచి తప్పుకుంటే పత్రం రాసుకుని, బ్యాంకుకూ జీఎస్టీకీ ఆ మార్పు తెలపండి. పాత తేదీలతో కాగితాలు తయారు చేయించొద్దు. అది ప్రవర్తనా నియమాలు దాటి ఫోర్జరీ దాకా పోతుంది.

చూపని ఆదాయం ఉంటే ఆడిటర్ దగ్గరికి వెళ్లి రిటర్ను సవరించే వీలుందేమో చూడండి. తర్వాత ఆఫీసుకు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆపారు అన్నది ఉన్నది ఉన్నట్టు రాసి, కొనసాగించాలనుకుంటే విడిగా అనుమతి కోరండి. ఈ ఉత్తరం పంపే ముందు సర్వీసు వ్యవహారాలు తెలిసిన లాయర్‌కు చూపించండి.

అప్పటికే మెమో వచ్చేసి ఉంటే అందులోని గడువు దాటనివ్వకండి. జవాబుకు సమయం చాలకపోతే గడువులోపే పొడిగింపు కోరండి. ప్రతి ఆరోపణకూ విడిగా, నంబర్ వేసి జవాబు రాయండి. మీ మీద ఆరోపణలకు ఆధారంగా చూపిన పత్రాల కాపీలు అడగండి. చార్జ్ మెమో ఏ నియమం కింద ఇచ్చారో చూడండి: కేంద్రంలో 1965 నాటి క్రమశిక్షణ నియమాల్లోని 14వ నియమమైనా, ఆంధ్రప్రదేశ్‌లో 1991 నాటి నియమాల్లోని 20వ నియమమైనా అది పెద్ద శిక్షకు దారితీసే విచారణ. కేంద్రంలో 16, రాష్ట్రంలో 22 అయితే చిన్న శిక్షలకు సంబంధించినది. పెద్ద శిక్షల జాబితాలో ఉద్యోగం నుంచి తొలగింపు కూడా ఉంది కాబట్టి, 14 లేదా 20 కనిపిస్తే జవాబు ఒక్కరే కూర్చుని రాయకండి.